రాకాసి గుళ్లలోని ఇంటిసామాను

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలకు పోయినవారిలో ఈజిప్టు మమ్మీని చూడక మరలివచ్చువారు అరుదు. 1930లో ఏడవ నిజాము దానిని ఆ ప్రదర్శనశాలకు ఒసగినాడు. నాటినుండి నేటివరకు పిల్లలు ఆ గాజుపెట్టె చుట్టును మూగుచునే యున్నారు. పెద్దలును ఒక క్షణము మాటలాడక నిలుతురు. ఇన్ని శతాబ్దముల క్రిందట, ఇంత దూరదేశమున కన్నుమూసిన ఒక స్త్రీ మన నగరమున పరుండియుండుట ఎవరికి విస్మయము కలిగింపదు?

ఆ ప్రదర్శనశాలలోనే మన పల్లెల పొలములనుండి వచ్చిన ప్రాచీనవస్తువులును కలవు. కుండలు, మూకుళ్లు, తుప్పుపట్టి గుర్తింపరాకున్న ఇనుపముక్కలు. వాని యెదుట ఎవరును అంతగా నిలువరు. కుండయే కదా, మన యింట లేనిదా యని సాగిపోవుదురు. ఈ పూట మేము మనవి చేయదలచినది ఆ కుండలను గూర్చియే. అట్టివి పెక్కు సమాధులలో దొరకినవి. మమ్మీ యే లోకపు నమ్మకముతో పదిలపరుపబడినదో, అట్టి నమ్మకమే ఏదో ఈ కుండలను గూడ మట్టిలోనికి పంపినది. కాని ఈజిప్టువారు తమ నమ్మకమును వ్రాసి యుంచిరి. మనవారు వ్రాయలేదు. ఇక్కడనే మన చిక్కు అంతయు ఉన్నది.

మొదట ఈజిప్టు సంగతి కొంచెము చూతము. సమాధి యనగానే మనకు బంగారు ముసుగులు, రాజులు జ్ఞప్తికి వత్తురు. కాని సామాన్య సంసారపు సొగసు చూడవలెనన్న ఖా అను అధికారి సమాధిని తలచుకొనవలెను. ఇతడు రాజసమాధుల నిర్మాణమును పర్యవేక్షించినవాడు. ఇతని భార్య పేరు మెరిత్. దైర్ ఎల్ మదీనా అను చోట వీరి సమాధి 1906లో బయటపడినది. ఇటలీ దేశపు పండితుడు స్కియాపరెల్లి దానిని తెరపించినాడు. దొంగల కంటబడక మూడువేల మూడువందల ఏండ్లు మూతవడియుండిన గది యది. అందు నాలుగు వందలకు పైగా వస్తువులు దొరకినవి. నేడవి ఇటలీలోని ట్యూరిన్ నగరమున ఉన్నవి.

ఏమి వస్తువులవి? మంచములు, దుప్పట్లు, రొట్టెలు, మూతివేసిన జాడీలు, మడచి పెట్టుకొను పీట, ఖా వృత్తికి సంబంధించిన కొలబద్ద, మెరిత్ తలకు పెట్టుకొను సవరమును దాచిన పెట్టె, సింగారపు సామాను, ప్రొద్దుపుచ్చుటకు ఆటపలక. ఖా కట్టుబట్టల మీద అవి తనవే యని తెలుపు గుర్తు గూడ వేయబడియున్నది. మన చాకలి బట్టలకు గుర్తు పెట్టుట ఎరిగినవారికి ఇది చదువగానే ఆ మనిషి ప్రక్కయింటివాడైనట్లు తోచును.

ఇవి యన్నియు నిత్యవ్యవహారపు వస్తువులు. వీనితోబాటు మరియొక తెగ వస్తువులు ఈజిప్టు సమాధులలో కనబడును. బ్రతికినవారికి వీనితో పనిలేదు. ఇవి కేవలము మృతునికొరకు చేయబడినవి. పరలోకమున పొలముపనికి పిలుపు వచ్చినపుడు యజమానికి బదులు పలుకుటకు చిన్న చిన్న బొమ్మలను చేసి పెట్టెడివారు. వానిని ఉషబ్తులందురు. 1922 నవంబరు 4వ తేదీన హోవర్డ్ కార్టర్ బృందము కనుగొన్న తూతన్ ఖామన్ సమాధిలో అట్టి బొమ్మలు 413 ఉన్నవి. ఆ సమాధిలోని వస్తువులన్నియు కలిసి అయిదువేలకు మించినవి. బాలరాజు చెప్పులును, చేతిఱొడుగులును, చిన్ననాటి కుర్చీయు అందులోనివే. ద్రాక్షాసవపు జాడీల మీద అది ఏ యేటిదో గూడ వ్రాసియుండిరి.

కనుక ఈజిప్టు సమాధి ఒక గ్రంథము వంటిది. వస్తువు ఉన్నది, దాని ప్రక్కన మాట ఉన్నది. ఇది తినుటకు, ఇది మంత్రమునకు, ఇది పనివానికి అని వారే మనకు చెప్పిపోయిరి.

ఇక మన నేలకు వత్తము. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల మెరకనేలలు శ్రోతలకు క్రొత్తవి కావు. 2016లోను, 2019లోను ఈ రెండు జిల్లాలు పెక్కు జిల్లాలుగా విడిపోయినను నేల మారలేదు. గుండ్లు, గుట్టలు, తంగేడుపొదలు, సీతాఫలపు చెట్లు, ఎర్రచెలకలు, వానకు ఎదురుచూచు జొన్నచేలు. ఈ చెలకల నడుమ, ఊరికి దూరముగా, ఎవరో కూర్చి పెట్టినట్లు గుండ్రముగా నిలిచిన బండరాళ్లు కనబడును. ఒకచోట నాలుగు వలయములు, మరియొకచోట నలువది. వలయము నడుమ ఒక్కొక్కతరి మంచమంత, ఒక్కొక్కతరి అరుగంత బండ పరచియుండును. జనులు వీనిని రాకాసిగుళ్లందురు. పాండవుల గుళ్లనువారును కలరు. ఇంతటి రాళ్లను మానవమాత్రులు ఎత్తలేరని వారి భావము.

ఇవి గుళ్లు కావు, సమాధులు. కట్టినవారు రాకాసులు కారు, మనవంటి సేద్యగాండ్రు, పశువుల కాపరులు, కమ్మరులు, కుమ్మరులు. ఇనుము వాడుక వచ్చిన తరువాత, క్రీస్తుకు పూర్వము వెయ్యేండ్ల నాటినుండి శాతవాహనుల కాలము సమీపించువరకు ఈ తీరు సమాధులను దక్కనులో కట్టుచుండిరి. పండితులు వీనిని బృహచ్ఛిలా సమాధులందురు. 1850 ప్రాంతములయందు సురపురములో పనిచేసిన మెడోస్ టైలరు, థగ్గుల నవల వ్రాసిన ఆయనయే, ఆ ప్రాంతమునందలి ఇట్టి సమాధులను త్రవ్వి వర్ణించినాడు. 1914లో హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ ఏర్పడినది. గులాం యాజ్దానీ దానికి అధిపతి. ఆ దశాబ్దముననే భువనగిరి ప్రక్కనున్న రాయగిరిలోని సమాధులు పరీక్షింపబడినవి. రైల్వే వైద్యుడు హంట్ హైదరాబాదు చుట్టుపట్ల సమాధులను త్రవ్వి, 1924లో వానిపై ఒక వ్యాసమును ప్రకటించినాడు.

సమాధి కట్టు తీరు ఇది. మొదట గొయ్యి త్రవ్వుదురు. అందు నాలుగు ప్రక్కల నాలుగు బండలు నిలిపి పెట్టెవలె చేయుదురు. అడుగున ఒక బండ, పైన ఒక కప్పుబండ. పెక్కు సమాధులలో ఒక ప్రక్కబండకు గుండ్రని రంధ్రముండును. కొందరు దానిని ప్రాణము వచ్చిపోవు దారి యందురు. కొందరు తరువాత మరణించిన బంధువుల అస్థికలను లోన పెట్టుటకందురు. పైన మట్టియు, రాళ్లును కుప్పపోసి, చుట్టును గుండ్లు నిలుపుదురు. లోపల నిండు శవము కంటె ఏరి తెచ్చిన కొన్ని అస్థికలే తరచుగా కనబడును. అనగా మరణించిన కొంతకాలమునకు, శరీరము శిథిలమైన పిమ్మట, బంధువులు మరల కూడి ఈ క్రతువు చేసిరన్నమాట. కొన్ని చోట్ల రాతిపెట్టెకు బదులు కాళ్లుగల మట్టితొట్టి ఉండును. కడపసీమలోని శంఖవరమున దొరకిన తొట్టి పొట్టేలు రూపమున నున్నది.

పది పన్నెండు బారల దూరమైనను కదలని బండను గుట్టనుండి చెలకకు తెచ్చుట ఒక్క యింటివారి పని కాదు. ఊరంతయు కదలవలెను. పనివారికందరకు అన్నము పెట్టవలెను. కనుక ఇంతటి సమాధి అందరకును కట్టి యుండరు. చనిపోయినవాని మీది గౌరవమును, బ్రతికినవారి కలిమియు ఆ బండ బరువులోనే తెలియుచున్నవి.

ఇప్పుడు లోపలి సామాను చూతము. అన్నిటికంటె మిక్కుటముగా దొరకునవి కుండలు. చిన్న ముంతలు, లోతైన మూకుళ్లు, మూతలు, నీటికుండలు, కుండ ఒరగకుండ క్రింద పెట్టు మట్టి కుదుళ్లు. వీనిలో ఎన్నదగినవి ఎరుపు నలుపు రంగులు కలిసిన పాత్రలు. లోపలయు అంచునను నల్లగా, వెలుపల ఎర్రగా నుండును. ఇది రంగు పూయుట కాదు, కాల్పులోని నేర్పు. పాత్రను బోర్లించి కాల్చినపుడు గాలి తగిలిన వెలుపలి భాగము ఎరుపెక్కును. గాలి అందని లోభాగము నలుపెక్కును. పైన నునుపు పట్టించుటచే నేటికిని కొన్నిటి మెరుపు పోలేదు.

కొన్ని కుండలమీద కాల్చిన తరువాత గీసిన గుర్తులు కలవు. నిచ్చెనవలె ఒకటి, త్రిశూలమువలె ఒకటి, బాణమువలె ఒకటి. యాజ్దానీ 1917లోనే ఈ గుర్తులను సమకూర్చి ప్రకటించి, కొన్నిటిని బ్రాహ్మీ లిపితో పోల్చి చూచినాడు. అవి అక్షరములో, వంశపు గుర్తులో, కుండ సొంతదారు గుర్తులో నేటికిని తేలలేదు. ఖా బట్టలమీది గుర్తు చదువగలిగినాము; మన కుండలమీది గుర్తు చూచి ఊరకుండవలసివచ్చినది.

కుండల తరువాత ఇనుము. గొడ్డళ్లు, కొడవళ్లు, కత్తులు, ఉలులు, బల్లెపు మొనలు, బాణపు ములుకులు. ఇక్కడ ఒక వింత చెప్పవలసియున్నది. తూతన్ ఖామన్ కట్టిన కట్లలో, తొడ ప్రక్కన, ఒక ఇనుపబాకు ఉండెను. 2016లో ప్రకటించిన పరీక్షలో ఆ యినుము ఆకసమునుండి పడిన ఉల్కది యని తేలినది. క్రీస్తుకు పూర్వము పదునాలుగవ శతాబ్దమున ఈజిప్టు చక్రవర్తికి ఇనుము ఆకాశము విసరిన అపూర్వరత్నము. మరి కొన్ని శతాబ్దములకు మన మెరకనేలలోని సేద్యగాని సమాధిలో ఇనుము గొడ్డలిగాను, కొడవలిగాను ఉన్నది. మన కమ్మరి రాతినుండి ఇనుము కరగించుట నేర్చినాడు. బంగారములో మనము ఈజిప్టుకు చాలము. ఈ కొడవలి విషయమున మాత్రము మనము తల వంచుకొనవలసిన పనిలేదు.

ఇవిగాక ఎర్రరాతి పూసలు, శంఖపు గాజులు, నూరుడు రాళ్లు, పశువుల ఎముకలు ఆయా చోట్ల కనబడును. ఎర్రపూస దూరమునుండి వచ్చినది. శంఖము సముద్రమునుండి వచ్చినది. నల్లగొండ చెలకకు సముద్రము ఎంత దూరమో తలచిన, ఆ చేతిగాజు ఎన్ని చేతులు మారి వచ్చెనో ఊహింపవచ్చును.

ఇందులో ఏది నిత్యవ్యవహారపు వస్తువు? ఏది క్రతువస్తువు? ఈజిప్టులోవలె మనకు ఉషబ్తి బొమ్మలు లేవు, మంత్రపుచుట్టలు లేవు. అన్నియు ఇంటిసామానే. అన్నము తిన్న మూకుడు, కట్టెలు కొట్టిన గొడ్డలి, చేను కోసిన కొడవలి. అయినను అవి సమాధిలోనికి పోయిన క్షణమున వేరైపోయినవి. ఆ వేరు ఎట్టిదో తెలిసికొనుటకు మనము ఎంతో దూరము పోనక్కరలేదు. మన యిండ్లనే చూచుకొందము.

తెలంగాణములో పెండ్లికి కుమ్మరి యింటినుండి ఐరేని కుండలను బాజాలతో తెచ్చెదరు. అదే కుమ్మరి, అదే సారె, అదే మట్టి. సంతలో కొన్న కుండలో చింతపులుసు కాచుదుము. ఐరేని కుండకు మ్రొక్కుదుము. వంటింటిలో మూలనున్న కూరాడుకుండ పూజలందుకొనును. ఆషాఢమున, శ్రావణమున ఎల్లమ్మకు, పోచమ్మకు బోనమెత్తు తల్లి తలమీదిదియు కుండయే. పసుపు కుంకుమలు, వేపమండలు, దీపము చేరగానే అది వంటకుండ కాదు. కాటికి తీసికొనిపోవు నీటికుండయు అంతే. మూడు చుట్లు తిరిగి, వెనుదిరిగి చూడక పగులగొట్టిన కుండను ఏ పేదవాడును కడిగి వాడుకొనడు. పెతరామాసనాడు పెద్దల పేర బియ్యము, కూరగాయలు ఇత్తుము. ఆ బియ్యము నిన్నటి బియ్యమే. కాని పెద్దల పేర ఇచ్చినంతనే వేరు. రాకాసిగుళ్లవారి ఆచారమే మనకు నేరుగా వచ్చెనని మేము అనుట లేదు. నడుమ ఎన్నో యుగములు గడచినవి. అయినను వస్తువు తన ఆకారము వలన గాక, పెట్టిన చోటువలన, పెట్టిన చేతివలన, పెట్టిన వేళవలన క్రతువస్తువగునను మాట మన యింటి ఇల్లాలికి ఎవరును నేర్పనక్కరలేదు.

ఇదియే ఈ పూట మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట. ఈజిప్టు వస్తువుకు వ్రాత సాక్షి. మన కుండకు చోటు సాక్షి. మూకుడు తలవైపున ఉన్నదా, కాళ్లవైపున ఉన్నదా? బోర్లించియున్నదా, మూతపెట్టియున్నదా? గొడ్డలి అస్థికల ప్రక్కన ఉన్నదా, కప్పుబండ వెలుపల ఉన్నదా? పెట్టె ముఖము ఏ దిక్కున ఉన్నది? వ్రాతలేని జనుల వాక్యములు ఇవియే. వస్తువును ఆ చోటునుండి కదల్చినయెడల వాక్యము చెరిగిపోయినది. మిగిలినది ఒక పాతకుండ.

కొన్ని యేండ్ల క్రిందట, వానలు వెనుకబట్టిన దినములలో, మేము మిత్రులతో గూడ దేవరకొండ దిక్కున ఒక పల్లెకు పోయితిమి. అక్కడ ఒక రైతు తన చెలకలోని రాళ్లవలయమును యంత్రముతో తీయించి నేల చదును చేసికొన్నాడు. తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. ఉన్నది మూడెకరాలు, అందులో రాళ్లు పోగా మిగిలినదే పంట. బండక్రింద కుండలు వచ్చినవనియు, చాలవరకు పగిలిపోయినవనియు చెప్పినాడు. ఇనుపముక్కలేమైన వచ్చినవా యని అడిగితిమి. వచ్చినవనియు, పాతసామానువానికి వేసి ఉల్లిగడ్డలు తీసికొంటిమనియు నవ్వుచు చెప్పినాడు.

ఆయన తల్లి మమ్ము వెంటబెట్టుకొని పెరటికి తీసికొనిపోయినది. వేపచెట్టు క్రింద ఒక ఎరుపు నలుపు మూకుడు బోర్లించియుండెను. దానికి పసుపు పూసియుండెను. "ఇంట్ల ఎందుకు పెట్టలేదవ్వా?" యని అడిగితిమి.

"సచ్చినోళ్ల కుండ ఇంట్ల పెడ్తరా బిడ్డా?" అన్నది ఆమె. "పారెయ్యనీకి మనసు రాలె. ఎవ్వరి పెద్దలో ఏమో. వాళ్ల బువ్వకుండ గదా."

ఆమెకు చదువు రాదు. మన ప్రదర్శనశాలలలోని చీట్లను ఆమె చదివియుండలేదు. అయినను ఆ మూకుడు తినుటకు చేసినదని గుర్తించినది. ఇప్పుడది తినుటకు పనికిరాదనియు గుర్తించినది. ఈ రెండు మాటలకంటె ఎక్కువ చెప్పుటకు మేము అనేక గ్రంథములు తిరుగవేయవలసివచ్చినది. కాని మేము అడిగిన తక్కిన ప్రశ్నలకు ఆమెవద్దగాని, ఆమె కుమారునివద్దగాని సమాధానము లేదు. ఎన్ని కుండలు ఉండెను? ఇది ఏ మూల ఉండెను? ఎముకలు కనబడినవా? ఉల్లిగడ్డలకు పోయినది గొడ్డలియా, కొడవలియా? యంత్రము ఒక్క పూటలో ఆ సమాధానములను తుడిచివేసినది. మూడువేల ఏండ్లకు దగ్గరగా భద్రముగా నిలిచిన సంగతి, అంబటిప్రొద్దునకు లేకపోయినది.

ఈ నష్టము ఒక్క చెలకది కాదు. కృష్ణానది మీద నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు ఆచార్య సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున నాగార్జునకొండ త్రవ్వబడినది. బౌద్ధవిహారములతోబాటు ఇట్టి సమాధులును అక్కడ వెలికివచ్చినవి. ఎదుటి యొడ్డున, నల్లగొండ జిల్లాలోని ఏలేశ్వరమున రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపినది. అబ్దుల్ వహీద్ ఖాన్ వానిపై వ్రాసిన గ్రంథము 1963లో వెలువడినది. శ్రీశైలము ఆనకట్ట కట్టునపుడు మహబూబునగరు జిల్లాలోని చాగటూరు, పెద్దమారూరుల వంటి చోట్లను అట్లే పరీక్షించిరి. ఆ యూళ్లు మునిగినను, వాని సంగతి కాగితముమీద మిగిలినది. ఇది పరాజయములోని విజయము. నీరు ముంచునని ముందుగా తెలిసినందున త్రవ్వి వ్రాసికొంటిమి. నాగలి, యంత్రము, రాతిగని, రోడ్డు కంకర ముందుగా చెప్పి రావు.

వీనికంటె అన్యాయమైనది మరియొకటి కలదు. రాకాసిగుళ్లలో లంకెబిందెలున్నవను వదంతి. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, కుంకుమతో వచ్చి, బండలు దొర్లించి, కుండలు పగులగొట్టి, తెల్లవారకముందే పోవువారు కలరు. వారికి దొరకునది మట్టి. ఆ సమాధులలోని సొమ్ము కుండ, కొడవలి, పూస. లంకెబిందె కొరకు అవి పగిలిపోవుచున్నవి. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో పది రూపాయలకు మించిన నిక్షేపము దొరకినను కలెక్టరుకు తెలుపవలెను. ఆ సంగతి ఎరిగినవారును తక్కువ.

తూతన్ ఖామన్ సమాధిని కనుగొన్న తరువాత కార్టరు ఏమి చేసినాడో ఒకమారు తలచుకొందము. బంగారము కన్నుల యెదుటనే ఉన్నను ఆయన దోచినట్లు తీయలేదు. ప్రతివస్తువుకు సంఖ్య వేసి, హారీ బర్టనుచేత ఉన్నచోటనే ఛాయాచిత్రము తీయించి, పటము గీయించి, ఆ పైననే కదల్చినాడు. ఆ పనికి పది సంవత్సరములు పట్టినది. అందుచేతనే నేడు ఏ చెప్పు ఏ పెట్టెలో, ఏ పెట్టె ఏ మూలలో ఉండెనో చెప్పగలుగుచున్నాము. అన్ని వ్రాతలున్న చోటనే అంత జాగ్రత్త వలసివచ్చినపుడు, వ్రాతలేని మన సమాధులయందు ఎంత జాగ్రత్త కావలెను?

ఆశ కలిగించు సంగతియు ఒకటి కలదు. నేటి నారాయణపేట జిల్లాలో, కృష్ణ యొడ్డున ముడుమాల్ అను గ్రామము కలదు. అక్కడ పది పదునాలుగు అడుగుల ఎత్తుగల నిలువురాళ్లు బారులు తీరియున్నవి. కొన్ని బారులు సూర్యోదయాస్తమయముల దిక్కులను చూపుచున్నవని పరిశోధకులు చెప్పుచున్నారు. ఒక రాతిమీద గుంటలతో సప్తర్షిమండలము చెక్కబడియున్నదని హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె.పి. రావుగారు గుర్తించినారు. గ్రామస్థులు ఒక రాతిని ఎల్లమ్మగా కొలుచుచున్నారు. 2025 మార్చిలో ఈ నిలువురాళ్లు యునెస్కోవారి ప్రపంచవారసత్వపు తాత్కాలిక పట్టికలో చేరినవి. దూరదేశపు పండితులు చూచుటకు ముందు ఆ రాళ్లను ఇన్నినాళ్లు కాచినది ఎవరు? అవి దేవరరాళ్లు, కదల్చరాదు అని తరతరములుగా పిల్లలకు చెప్పిన ఆ యూరి తల్లులు కారా?

కనుక శ్రోతలకు మా మనవి చిన్నది. చెలక దున్నునపుడు గాని, బావి త్రవ్వునపుడు గాని గుండ్రముగా కూర్చిన రాళ్లు, కప్పుబండ, ఎరుపు నలుపు కుండ కనబడినయెడల ఆ చోట పని ఒకింత ఆపుడు. కుండను తీయకుడు. తహసీలుదారుకో, పురావస్తుశాఖకో కబురు పంపుడు. బడిపంతులుగారిని పిలిచి, ఏది ఏ దిక్కున ఉన్నదో కాగితముమీద గీయింపుడు. నేడు ప్రతి యింట చరవాణి యున్నది గనుక ఒక ఛాయాచిత్రమైనను తీయింపుడు. నల్లగొండ ప్రక్కనున్న పానగల్లులోను, మహబూబునగరులోని పిల్లలమర్రివద్దను ప్రదర్శనశాలలు కలవు. సెలవుదినమున పిల్లలను అక్కడికి కొనిపోయినయెడల తమ నేలలో ఏమున్నదో వారికి తెలియును.

మేము ఆ పల్లెనుండి వచ్చునపుడు ఆ యవ్వను మూకుడు ఇమ్మని అడుగలేదు. ప్రదర్శనశాలకు చేర్చుట మంచిదని ఆమె కుమారునికి మాత్రము చెప్పితిమి. ఆయన సరే యన్నాడు. ఆమె కొంతసేపు ఆలోచించి, "తీస్కపోండ్రి గని, ఆడ గూడ బోర్లిచ్చే పెట్టుండ్రి" అన్నది. ఎందుకని అడుగగా, "నాకు దొరికినప్పుడు గట్లనే ఉండె" అన్నది.

యంత్రము తుడిచివేసినదని మేము విచారించిన వాక్యములలో ఒక్క మాట ఆమె జ్ఞాపకమున మిగిలియున్నది. మా పుస్తకములో ఆ దినమున వ్రాసికొనదగినది అదొక్కటియే: మూకుడు, ఎరుపు నలుపు, బోర్లించియుండెను.